భానుశ్రీకి వచ్చినదాని పేరు

ఉగాది సాయంత్రం భానుశ్రీకి ఏమొచ్చిందో మర్నాడు పొద్దున పాలపాకెట్లు వచ్చే వేళకే థర్మల్ కాలనీ మొత్తానికి తెలిసిపోయింది. ఆమెను అడిగి తెలుసుకున్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. అడగాల్సిన అవసరం ఎవరికీ కనబడలేదు. అందరూ చదువుకున్నవాళ్ళు, చూడగానే అర్థం చేసుకోగలరు.

డిస్పెన్సరీ డాక్టరు హిస్టీరియా అన్నాడు. పెళ్ళై పదేళ్ళయినా పిల్లలు లేని ఆడవాళ్ళలో ఇది మామూలేనని, ఆమె చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ, కళ్ళు మాత్రం గోడమీది క్యాలెండరు వైపు పెట్టి చెప్పాడు. అత్త జయమ్మ శిగం అంది. హనుమకొండ పక్కన తమ ఊళ్ళో పోచమ్మ ఒంటిమీదికొచ్చి ఊగినవాళ్ళను ఎందరినో చూసిన మనిషి, కనక ఆ మాటమీద అప్పీలు లేదు. పక్క క్వార్టర్ ప్రణాలి 'అంగాత్ దేవీ ఆలీ' అని అదే సంగతి మరాఠీలో అని, గుమ్మం దగ్గర కొబ్బరికాయ పెట్టి, లోపలికి అడుగు పెట్టకుండా వెళ్ళిపోయింది. అంతకుముందు రోజుదాకా పెరుగు తోడు కోసం నేరుగా వంటింట్లోకి వచ్చిన మనిషి ఆమె. తెలుగు సంఘం వాళ్ళు పూనకం అన్నారు. ఇక మొగుడు హరిప్రసాద్ ఆఫీసులో అందరికీ, "కొంచెం ఓవర్ ఎక్సైట్‌మెంట్ అండీ, ఎండలు కదా" అని చెప్పుకున్నాడు. అదే సంగతి తెలుగులో చెబితే పరువు పోతుందనీ, ఇంగ్లీషులో చెబితే బీపీ, షుగర్లలాగా హోదా ఉన్న జబ్బు అవుతుందనీ ఆయన నమ్మకం.

హరిప్రసాద్ నమ్మకాలు అన్నీ అలాంటివే. పుట్టింది పెరిగింది హనుమకొండ పక్కనే అయినా, మహారాష్ట్రలోని చంద్రపూర్ థర్మల్ ప్లాంటులో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరిన ఏడాదిలోనే గుంటూరు, విజయవాడ వాళ్ళ మధ్య కూర్చుని కూర్చుని తన మాట మార్చేసుకున్నాడు. 'ఏంది' పోయి 'ఏంటండీ' వచ్చింది. ఇంట్లో భార్య నోటివెంట 'గిట్ల', 'గట్ల' వస్తే పళ్ళు నూరేవాడు. తల్లిని మార్చలేకపోయాడు కనక, ఆఫీసువాళ్ళు వచ్చినప్పుడు ఆమెను వంటింట్లో ఉండమనేవాడు. ఇలా తన ఇంటిని తానే దాచుకుంటూ బతికే మనిషిని భానుశ్రీ పదేళ్ళు భరించింది. భరించడమంటే గౌరవించడం అనుకున్నాడాయన. తప్పు ఆయనది.

అసలు జరిగింది చెప్పుకోవాలి.

అది కరెంటు బోర్డుని ముక్కలు చేసి ప్రైవేటువాళ్ళ చేతిలో పెడతారని రోజుకో పుకారు పుడుతున్న కాలం. ప్రతి క్వార్టర్ మీదికీ కేబుల్ తీగ పాకింది. రంగుల టీవీలు కొత్తగా వచ్చినవాళ్ళకి ఉన్నట్టుండి తమ సంస్కృతి గుర్తొచ్చింది. డిప్యూటీ చీఫ్ ఇంజనీరు రవీంద్ర అధ్యక్షుడిగా తెలుగు సంఘం వెలిసింది. రవీంద్ర సంతకాలు పెట్టేవాడు, నడిపేది ఆయన భార్య. కాలనీలో అందరూ ఆమెను మేడం అనేవాళ్ళు. ఆమెకొక పేరుందని బహుశా రవీంద్ర కూడా మరిచిపోయి ఉంటాడు. ఆ మేడం టీవీలో ఏదో జానపద కార్యక్రమం చూసి, "ఈసారి ఉగాదికి పిల్లల డాన్సులతో పాటు మన మూలాలు కూడా ఉండాలి" అని సెలవిచ్చింది. మూలాల కోసం తెలుగువాళ్ళ పల్లెలున్న రాజూరా వైపు జీపు పంపారు.

మూలాలు సాయంత్రానికి జీపు వెనక కూర్చుని వచ్చాయి. ఎల్లన్న అనే డప్పు మనిషి, అతనితో నలుగురు కుర్రాళ్ళు, పాట అందుకోవడానికి అతని భార్య గౌరమ్మ. వాళ్ళను షామియానా వెనక నీళ్ళ ట్యాంకరు నీడలో కూర్చోబెట్టారు. ముందు వరసలో సోఫాలు, వాటి వెనక కుర్చీలు. పిల్లలు ఆడారు, పెద్దలు ఉపన్యసించారు, ఉగాది పచ్చడి కాగితపు కప్పుల్లో వచ్చింది.

డప్పు కొట్టాలంటే ముందు మంటకి కాపాలి. కాపితేనే తోలు బిగుసుకుని పలుకుతుంది. ఎల్లన్న గడ్డి పోగుచేసి అగ్గిపుల్ల తీయగానే సెక్యూరిటీ అధికారి పరుగెత్తుకొచ్చాడు. ఇది ప్లాంటు ఏరియా, ఇక్కడ మంట పెట్టడం నిషేధం అన్నాడు. గోడకవతల పద్మాపూర్ గనుల నుంచి రైళ్ళకు రైళ్ళు బొగ్గు తెచ్చి రాత్రింబవళ్ళు తగలబెడుతున్నారు. ఆ బూడిద వచ్చి ఆరేసిన చీరలమీద, ఎండబెట్టిన వడియాలమీద, ఆ అధికారి టోపీమీద కూడా పడుతోంది. గుప్పెడు గడ్డి మాత్రం ప్రమాదం.

కాపని డప్పులతోనే ఎక్కారు వేదిక. చప్పుడు అట్టపెట్టె మీద కొట్టినట్టు వచ్చింది. సోఫాల్లోవాళ్ళు వేళ్ళ చివరలతో చప్పట్లు కొట్టారు. మేడం గడియారం చూసుకుంది. ఎల్లన్నకి అవమానమైంది. పాట మధ్యలో ఆపి, గౌరమ్మను ఏదో ఒకటి పాడుతూ ఉండమని, కుర్రాళ్ళతో సహా వంట షెడ్డుకి పోయాడు. అక్కడ వంటవాళ్ళు పూర్ణాలు వేయిస్తున్నారు. వాళ్ళతో ఏం మాట్లాడాడో, బాణలి దింపించి ఆ పొయ్యిమీద డప్పులు కాపుకుని వచ్చాడు.

ఈసారి మొదటి దెబ్బకే సోఫాల్లోవాళ్ళ నడుములు నిటారైపోయాయి.

భానుశ్రీ మూడో వరసలో పట్టుచీరలో ఉంది. ఆ దెబ్బ పడగానే ఆమెకు అరికాళ్ళలోంచి ఏదో పైకి పాకింది. ఏదో అంటే మళ్ళీ ఏ దేవతో అనుకునే ప్రమాదం ఉంది కనక చెప్పేస్తున్నాను. సంతోషం. అంతకంటే ఏమీ లేదు. మంచిర్యాల రైల్వే క్వార్టర్లలో చిన్నప్పుడు పెళ్ళి ఊరేగింపుల వెనక పరుగెత్తినప్పటి సంతోషమే, పెరిగి పెద్దదై, పదేళ్ళుగా తిండి లేక మాడి, ఒక్కసారి లేచి నిలబడింది. ఆమె మొదట ఎడమ పాదం ఆడించింది. తరవాత కుడిది. ఎప్పుడు లేచిందో ఆమెకే తెలీదు, కుర్చీ పడ్డ చప్పుడు మాత్రం విన్నది. వేదిక ముందు ఇసకలోకి వెళ్ళింది. ఎగిరింది. ముడి ఊడింది, చెప్పొకటి ఎటో పోయింది, నవ్వొచ్చింది, నవ్వుతూనే ఎగిరింది. ఎల్లన్న వేదిక అంచుదాకా వచ్చి ఆమె పాదాలను చూస్తూ కొట్టాడు, ఆమె అతని చేతిలోని డప్పు పుల్లలను చూస్తూ ఎగిరింది. కలిపి చూస్తే అన్నం ఉడికేంత సేపు కూడా ఉండదు.

అంతలో గౌరమ్మ వేదిక దిగి పరుగున వచ్చింది. పూజ పళ్ళెంలోంచి పసుపు తీసి భానుశ్రీ నుదుట మెత్తింది. చెంబుతో నీళ్ళు కాళ్ళమీద పోసింది. అందరికీ వినబడేలా, "ఎవలు తల్లీ నువ్వు? ఏ ఊరి తల్లివి? చల్లంగ చూడు తల్లీ" అంది. సోఫాల్లో కలకలం పుట్టింది. ఎవరో పూనకం అన్నారు. ఎవరో చేతులు జోడించారు. హరిప్రసాద్ వచ్చి భార్య మోచెయ్యి పట్టుకున్నాడు. పట్టు ఎంత గట్టిదంటే వేళ్ళ గుర్తులు తరవాత నల్లబడ్డాయి. ముఖంమీద మాత్రం ముందు వరస కోసం చిరునవ్వు ఉంది.

అదీ జరిగింది. ఇక జరగకూడనిది ఆ మర్నాటి నుంచి మొదలైంది.

భానుశ్రీ మాటకు విలువ పోయింది. పప్పులో ఉప్పు తక్కువైంది అంటే తల్లీ కొడుకూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. తలుపు కాస్త గట్టిగా పడితే జయమ్మ వంటింట్లోంచి తొంగిచూసేది. నవ్వితే ఇల్లంతా నిశ్శబ్దమైపోయేది. ఊరికే కూర్చుంటే అది మరీ అనుమానం. కూలర్‌లో నీళ్ళు పొయ్యమని రెండుసార్లు చెబితే, "టెన్షన్ పడకు భానూ" అనేవాడు హరిప్రసాద్, డాక్టరు నేర్పిన గొంతుతో. నీళ్ళు మాత్రం పోసేవాడు కాదు.

కాలనీలో పిల్లలు మరాఠీ బళ్ళకి పోయేవాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడినా చదవడం రాదు. ఆదివారాలు తన వరండాలో వాళ్ళని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేది భానుశ్రీ. ఉగాది తరవాతి ఆదివారం పలకలు పట్టుకుని ఎవరూ రాలేదు. సంఘం కార్యదర్శి వచ్చి, గేటు అవతలే నిలబడి, "కొన్నాళ్ళు రెస్టు తీసుకోండమ్మా" అని వినయంగా దండం పెట్టాడు. ఆ దండం ఆమెకో, ఆమెలో ఉందనుకున్నదానికో తెలియలేదు. ఏదైనా ఒకటే. భయపడేవాడి మర్యాదను మించిన అవమానం ఉండదని భానుశ్రీకి ఆ రోజు తెలిసింది.

మంగళవారం కూరగాయలకు గోల్ బజార్ వెళ్ళినప్పుడు గౌరమ్మ కనబడింది. గోనెపట్టా పరుచుకుని పుంటికూర కట్టలు అమ్ముతోంది. భానుశ్రీ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"గౌరమ్మా, ఆ దినం నాకు శిగమొచ్చిందని నీకెవరు చెప్పిండ్రు?"

గౌరమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "శిగం గాదని నాకెర్కలేదా బిడ్డా. శిగమొచ్చినోల్లు తాళం జూసి ఎగురరు. నువ్వు మా ఆయన పుల్లలు జూస్కుంట ఎగిరినవ్."

"మరి గట్లెందుకన్నవ్?"

"అనకుంటె నిన్నేమందురు? అంతమంది ఆపీసర్ల నడుమ పట్టుచీర గట్టుకుని ఎగిరినవాయె. శిగమంటె కాల్లు మొక్కుతరు. మనసై ఎగిరిందంటె కాల్లిరగ్గొడ్తరు. గందుకే ఉరికొచ్చిన." కట్టలమీద నీళ్ళు చల్లుతూ, మెల్లిగా అసలు సంగతికి వచ్చింది. "మీ అత్త నిన్న గా జీపు డ్రైవరుతోని కబురు పంపింది. చీర పెడ్తదంట. నువ్వు గూడ నాకేమన్న జూడాలె బిడ్డా. నీ ఇజ్జతి కాపాడిన."

మంచితనం కూడా బోణీ బేరంతోనే వస్తుందన్నమాట. భానుశ్రీ రెండు కట్టలు కొని, ఆమె అడిగినదేమీ ఇవ్వకుండా లేచింది. ఈమె కాపాడకపోతే తనను ఎవరూ చంపేవాళ్ళు కాదు. మహా అయితే నాలుగు రోజులు నవ్వేవాళ్ళు. నవ్వితే పోయేదానికి దేవతను తెచ్చి మెడకు కట్టింది. ఆటోలో కూర్చున్నాక కోపంతో కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

ఆ మధ్యాహ్నం హరిప్రసాద్ భోజనానికి వచ్చాడు. భానుశ్రీ పుంటికూర పప్పు వడ్డించి ఎదురుగా కూర్చుని, అప్పటిదాకా ఎవరూ అడగని సంగతి తనంతట తానే చెప్పింది.

"నాకేం రాలే. రోగం లేదు, శిగం లేదు. డప్పు మంచిగ కొట్టిండ్రు. కాళ్ళాగలే. ఎగిరిన. గంతే."

హరిప్రసాద్ చెయ్యి ముద్ద దగ్గర ఆగిపోయింది. కోప్పడతాడనుకుంది. కోప్పడితే సమాధానం తయారుగా పెట్టుకుంది. కానీ ఆయన తల తిప్పి వంటింటి గుమ్మం వైపు చూశాడు, తల్లి విన్నదేమోనని. తరవాత వీధి తలుపు వైపు చూశాడు.

"ఈ మాట ఇంకెవరితోనైనా అన్నావా?"

"లేదు."

"అనకు. దణ్ణం పెడతాను, ఎవరితోనూ అనకు." పళ్ళెం మీదికి వంగి గొంతు తగ్గించాడు. "జబ్బయితే మందుంటుంది. మా అమ్మ అన్నట్టు దేవుడైనా, సరే, ఒక మొక్కుతో పోతుంది. నా పెళ్ళాం డిప్యూటీ చీఫ్ ముందు, స్టాఫ్ అందరి ముందు, కావాలని, ఇష్టపడి ఎగిరిందంటే నేను ఏ మొహం పెట్టుకుని ఆఫీసుకి పోవాలి?"

"ఇష్టపడుడు రోగం కంటె పాడా?"

ఆయన పళ్ళెం పక్కకి జరిపాడు. చెయ్యి కడుక్కుని ఫోను దగ్గరికి పోయాడు. నాగపూర్‌లో నరాల డాక్టరు ఒకాయన ఆస్పత్రి పెట్టాడట, అక్కడ కొన్నాళ్ళు ఉంచి మందులిస్తే మనిషి నెమ్మదిస్తుందట. ప్లాంటులో ఒక ఫోర్‌మన్ భార్యను అలాగే తీసుకుపోయారు. ఆమె తిరిగొచ్చాక నిజంగానే చాలా నెమ్మదించింది. సందులో నడుస్తుంటే గోడ పట్టుకుని నడుస్తుంది, పేరు పెట్టి పిలిస్తే కాసేపటికి తల తిప్పుతుంది. భానుశ్రీ ఆమెను రోజూ కుళాయి దగ్గర చూస్తుంది. ఫోనులో మొగుడు "సోమవారం పొద్దున బండికి తీసుకొస్తానండీ" అంటుంటే ఆమెకు ఒళ్ళు చల్లబడింది. ఆ చల్లదనంలోనే, ఇంతకాలం ఈ మనిషికి భయపడ్డానా అని మొదటిసారి అసహ్యం కూడా వేసింది. మూడు వందల మంది కూలీలమీద పెత్తనం చేసే ఇంజనీరు, పెళ్ళాం సంతోషానికి జడుసుకున్నాడు.

జయమ్మకు నాగపూర్ సంగతి నచ్చలేదు. తల్లి ఒంటిమీదికి వచ్చినదాన్ని మందులతో కొడితే వంశానికి అరిష్టమని ఆమె వాదం. కొడుకుతో గొడవపడింది. మూడు రోజులు తల్లీ కొడుకూ భానుశ్రీది దేవతా, జబ్బా అని ఆమె ఎదుటే వాదించుకున్నారు. ఇద్దరిలో ఒక్కరూ ఆమె వైపు తిరిగి, నువ్వేమంటావ్ అనలేదు. సంతకు తోలుకుపోయే గేదెకైనా ఒకసారి నోరు తెరిచి పళ్ళు చూస్తారు.

ఆదివారం సాయంత్రం మేడం పరామర్శకు వస్తుందని కబురొచ్చింది.

హరిప్రసాద్ కంగారు చూసి తీరాల్సింది. సోఫామీద కొత్త గుడ్డ పరిచాడు. తల్లిని వంటింట్లోకి పంపాడు. నాగపూర్ టిక్కెట్లు టీవీమీద, కనబడేలా పెట్టాడు, తగిన చర్యలు తీసుకుంటున్నట్టు మేడంకి తెలియాలని. భార్యకు పాఠం చెప్పాడు. "ఎలా ఉందమ్మా అంటే, వీక్‌నెస్ అండీ అను. చాలు. ఇంకేం మాట్లాడకు."

భానుశ్రీ తల ఊపింది. ఆమె మనసులో లెక్క వేరే ఉంది. ఈ కాలనీలో మేడం మాట గవర్నమెంటు ఆర్డరుతో సమానం. ముందు వరండాల్లో బట్టలు ఆరేయకూడదు అని ఒకసారి అంది, ఆ రోజు నుంచి ఒక్క లుంగీ కనబడలేదు. అలాంటి మేడం తన నోటినుంచి నిజం విని, "అలాగా, డాన్స్ చేశావా, బావుంది" అని ఒక్క మాట అంటే సరిపోతుంది. హరిప్రసాద్ ఆ క్షణమే ప్లేటు మార్చి, మా ఆవిడకు డాన్సంటే చిన్నప్పటినుంచీ ఆసక్తండీ అంటాడు. నాగపూర్ ఉండదు. పైగా మేడం కాన్వెంటులో చదివింది, ఇంగ్లీషు నవలలు చదువుతుంది. ఆ మాత్రం అర్థం కాదా అనుకుంది. భానుశ్రీ కూడా అప్పుడప్పుడు అమాయకంగా ఆలోచించేది.

మేడం ఆపిల్ పండ్లతో వచ్చింది. జార్జెట్ చీర, మోచేతికి తగిలించుకున్న బ్యాగు. కూర్చుంది. ఎండల గురించి, బూడిద గురించి మాట్లాడింది. టీ వచ్చింది. ఒక గుక్క తాగి, జబ్బు మనుషులతో మాట్లాడే మెత్తని గొంతుతో అడిగింది.

"ఇప్పుడెలా ఉందమ్మా? మళ్ళీ ఏమైనా వచ్చిందా?"

"అసలేం రాలేదండి" అంది భానుశ్రీ. గొంతు స్థిమితంగా ఉంది. తడబడకూడదని మధ్యాహ్నమంతా మనసులో చెప్పుకుని ఉంచుకున్న మాటలవి. "ఆ రోజు డప్పు చాలా బాగా కొట్టారు. నాకు ఎగరాలనిపించింది, ఎగిరాను. అంతేనండి. పూనకమూ లేదు, జబ్బూ లేదు. వీళ్ళు రేపు నన్ను నాగపూర్ ఆస్పత్రికి తీసుకుపోతామంటున్నారు. మీరొక మాట చెప్పండి."

మేడం కప్పు పెదవుల దగ్గరే ఆగింది. ఆమె కళ్ళలో ఏదో ఒకటి కదిలింది. భానుశ్రీ ప్రాణం లేచి వచ్చినట్టయింది. అర్థమైంది, ఈమెకు అర్థమైంది అనుకుంది.

హరిప్రసాద్ గభాల్న లేచి నిలబడ్డాడు. "మళ్ళీ మొదలైంది మేడం. చూశారా, మనిషే మారిపోయింది. మామూలుగా ఇలా మాట్లాడే మనిషి కాదు."

మేడం కళ్ళలో కదిలింది కాస్తా ఆరిపోయింది. దాని స్థానంలో భయం వచ్చింది, భయంతో పాటు చెప్పలేనంత ఊరట కూడా వచ్చింది. ఆ ఊరటను భానుశ్రీ స్పష్టంగా చూసింది. వంటింట్లో చెవి ఒగ్గి నిలబడ్డ జయమ్మ పసుపు గిన్నెతో పరుగున వచ్చి కోడలి కాళ్ళ దగ్గర కూలబడింది. "తల్లీ, కోపం జెయ్యకు తల్లీ. పోరడు తెల్వనోడు."

తరవాత జరిగింది భానుశ్రీ కలలో కూడా ఊహించలేదు. మేడం కప్పు కింద పెట్టింది. వీధి తలుపు మూసి ఉందో లేదో చూసుకుంది. కాళ్ళ చెప్పులు విడిచి, జార్జెట్ కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చేతులు జోడించి, కాన్వెంటు తెలుగంతా వదిలేసి అడిగింది.

"అమ్మా తల్లీ, మా వారికి పర్లీ ప్లాంటుకి ట్రాన్స్‌ఫర్ వేస్తారంటున్నారు. ఆగుతుందా తల్లీ?"

భానుశ్రీకి నవ్వొచ్చింది. ఆపుకోలేదు. ఆపుకుని ప్రయోజనం లేదు, ఇక్కడ నవ్వు కూడా సాక్ష్యమే. ఎదురుగా ముగ్గురున్నారు. ఒకరు పసుపు పట్టుకుని, ఒకరు చేతులు జోడించి, ఒకరు డిప్యూటీ చీఫ్ గారి భార్య చేతులు జోడించాక తానేం చెయ్యాలో తెలియక సగం వంగి. ఇన్నాళ్ళూ తనకేమొచ్చిందో తేల్చింది ఈ మనుషులా? ఒక్క నిజానికి ఈ ఇంట్లో జానెడు చోటు లేదు. ఆమె కడుపులో ఉన్న ఆశ అంతా ఎండిపోయి, దాని అడుగున ఒట్టి తిరస్కారం తేలింది. వీళ్ళకేది కావాలో అదే ఇస్తే పోతుంది.

"ఆగది" అంది, కుర్చీలో వెనక్కి ఆనుకుని. "పర్లీకి పోతవ్. సామాను సదురుకో."

మేడం ముఖం వాడిపోయింది. "ఏదైనా మార్గం తల్లీ?"

"లేదు."

ఇన్నాళ్ళలో మేడంకి అంత కచ్చితంగా లేదన్నవాళ్ళు లేరు. అదే నమ్మకం కలిగించినట్టుంది. ఆమె కళ్ళు మూసుకుని తల వంచింది. భానుశ్రీ మొగుడి వైపు తిరిగింది.

"ఆ టీవీ మీద టిక్కెట్లున్నయ్. చింపు."

హరిప్రసాద్ కదల్లేదు. మేడం కళ్ళు తెరిచి ఆయన వైపు చూసింది. ఆఫీసులో రవీంద్ర కూడా ఎప్పుడూ అంత కఠినంగా చూడలేదు. "ఏంటండీ అలా నిలబడతారు? తల్లి చెబుతుంటే వినబడటం లేదా?" అంది. మళ్ళీ మొదలైందని చెప్పినవాడు తానే. ఇప్పుడు కాదనడానికి నోరెక్కడిది? ఆయన టిక్కెట్లు తీసి చింపాడు. ముక్కలు ఎక్కడ పారెయ్యాలో తెలియక జేబులో వేసుకున్నాడు.

"ఇగ ఆ కప్పులు తీస్కపోయి కడుగు."

పదేళ్ళలో మొదటిసారి హరిప్రసాద్ ఎంగిలి కప్పులు పట్టుకుని వంటింట్లోకి పోయాడు. కుళాయి విప్పిన చప్పుడు వినబడింది. ఒట్టి నీళ్ళ చప్పుడే.

"సబ్బు వెట్టి" అంది భానుశ్రీ, గొంతు పెంచకుండా.

మేడం పోతూ పోతూ భానుశ్రీ పాదాలు కళ్ళకద్దుకుంది. గుమ్మంలో జయమ్మతో, వచ్చే మంగళవారం మిగతా ఆఫీసర్ల ఆడవాళ్ళను కూడా తీసుకొస్తాననీ, అందరికీ ఏవో ఒకటి ఉన్నాయనీ రహస్యంగా చెప్పింది. జయమ్మ ఎంత మురిసిపోయిందో చెప్పలేం. ఆమె వంటింట్లో దాక్కోకుండా గుమ్మందాకా రావడం, పెద్దింటి మనిషి ఆమెతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

తలుపు వేశాక ఇల్లు సద్దుమణిగింది. నాగపూర్ పోయింది. ఇక ఎవరూ ఆమెను ఎక్కడికీ తీసుకుపోరు. కూలర్‌లో నీళ్ళు అడిగితే ఒక్కసారికే పోస్తారు. ఇవన్నీ భానుశ్రీకి తెలుస్తూనే ఉన్నాయి. అయినా రేపటినుంచి ఈ కాలనీలో తాను ఏం చెప్పినా వింటారు, ఒక్క తన మాట తప్ప. ఆమెకు ఉన్నట్టుండి జయమ్మ మీద జాలి లాంటిది కలిగింది. ఎంతైనా పల్లెలో పుట్టిన మనిషి, డప్పు ఎరిగిన మనిషి. చివరిసారిగా ఒకసారి చెప్పి చూద్దామనుకుంది. ముందుకు వంగి, చిన్నపిల్ల తల్లితో చెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"అత్తా. నాకు డప్పంటె మస్తు ఇష్టం. గంతే అత్తా. ఇంకేం లేదు."

జయమ్మ గిన్నెలోంచి పసుపు తీసి కోడలి పాదాలకు రాస్తోంది. చెయ్యి ఆపకుండానే తల ఎత్తింది. ముసలి కళ్ళనిండా భక్తి.

"తెప్పిస్త తల్లీ" అంది. "ఎల్లన్ననే పిలిపిస్త. మంగళవారం డప్పు వెట్టిస్త, యాటపోతును గోయిస్త. నువ్వు శాంతంగుండు."